అంగులిమాలుని భిక్షాపాత్ర, స్టువర్టుపురం చిరునామా

అంగులిమాలుని కథను మన విహారాల్లో చెప్పుకొనేటప్పుడు తరచుగా మధ్యలోనే ఆపేస్తాం. కత్తి పారేశాడు, తథాగతుని పాదాలకు మొక్కాడు, భిక్షువయ్యాడు. సాధు, సాధు అని లేచిపోతాం. మజ్ఝిమ నికాయంలోని అంగులిమాల సుత్తం మాత్రం అక్కడ ఆగదు. కోసల రాజు పసేనది 500 మంది రౌతులతో ఆ దొంగను పట్టుకోవడానికి బయలుదేరి, దారిలో భగవానుని దర్శనానికి వస్తాడు. ఆ దొంగే తల గొరిగించుకొని, కాషాయం కట్టి, శీలవంతుడై కనిపిస్తే ఏం చేస్తావని బుద్ధుడు అడుగుతాడు. లేచి నమస్కరిస్తాను, చీవరమూ భిక్షా మందూ సమకూరుస్తాను అంటాడు రాజు. బుద్ధుడు చెయ్యి చాపి, దగ్గరలోనే కూర్చున్న భిక్షువును చూపగానే ఆ రాజుకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అయినా మాట తప్పలేదు. రాజ్యం వైపు నుంచి వ్యవహారం ముగిసింది.

జనం వైపు నుంచి ముగియలేదు. తరువాత ఒక ఉదయం సావత్థి వీధుల్లో భిక్షకు వెళ్ళిన అంగులిమాలునికి ఒకరు విసిరిన మట్టిబెడ్డ తగిలింది, ఇంకొకరి కర్ర తగిలింది, మరొకరి రాయి తగిలింది. తల పగిలి నెత్తురు కారుతూ, చీవరం చిరిగి, పాత్ర పగిలి తిరిగొచ్చాడు. ఓర్చుకో అన్నాడు భగవానుడు. భిక్షువుకు భిక్షాటనే బతుకుతెరువు, పాత్రే పనిముట్టు. అందుకే నేరం మానిన మనిషికి ఊరు బతుకుతెరువు నిరాకరించడానికి మన పాళీ వాఙ్మయంలో ఉన్న సాక్ష్యంగానే ఆ పగిలిన పాత్రను నేను చదువుతాను.

ఇంతకంటే ఇబ్బందిపెట్టే భాగం వినయపిటకంలో, మహావగ్గలో ఉంది. దాన్ని మనం దాచకూడదు. అంగులిమాలుణ్ణి భిక్షువుల మధ్య చూసి జనం హడలిపోయారు, దారి తప్పించుకొని పరుగెత్తారు, పేరుమోసిన దొంగకు శాక్యశ్రమణులు ప్రవ్రజ్య ఎలా ఇస్తారని నిందించారు. ఆ మాట భగవానుని చెవిన పడింది. ఇకమీదట పేరుమోసిన దొంగకు ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం వచ్చింది. దాని వెంటే చెరసాల నుంచి పారిపోయినవాడు, రాజు పేరు రాయించి వెతికిస్తున్నవాడు, కొరడా దెబ్బలు తిన్నవాడు, ఒంటి మీద శిక్షా ముద్ర వేయించుకున్నవాడు, అప్పులవాడు, దాసుడు, ఇలా వరుసగా నిషేధాలు వచ్చాయి. సంఘం ఊరి భిక్ష మీద బతికేది. ఊరి భయాన్ని లెక్కచేయక తప్పలేదు. అంగులిమాలుణ్ణి మాత్రం బయటికి పంపలేదు. ఈ రెండు విషయాలనూ కలిపి గుర్తుపెట్టుకోవాలి.

ఆ భయం ఎంత తీవ్రమైనదైనా ఒక మనిషి చేసిన పనికి పుట్టిన భయం. వాసెట్ఠ సుత్తంలో తథాగతుడు ఈ సంగతి తేల్చిచెప్పాడు. పుట్టుకతో ఎవరూ బ్రాహ్మణుడు కారు. పొలం దున్ని బతికేవాడు రైతు, సరుకు అమ్మి బతికేవాడు వర్తకుడు, ఇవ్వనిది తీసుకొని బతికేవాడు దొంగ. దొంగతనాన్ని కూడా ఆయన కర్మల జాబితాలోనే పెట్టాడు, పుట్టుకల జాబితాలో కాదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని తలకిందులు చేసింది. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన నేరస్త తెగల చట్టం వెనుక వాదన సూటిగానే ఉంది: ఈ దేశంలో వృత్తి కులాన్ని బట్టి వస్తుంది, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడు. దొరలు ఈ ఊహను లండను నుంచి మోసుకురాలేదు. వర్ణధర్మంలో తయారుగా దొరికింది, దానికి రిజిస్టరూ వేలిముద్రా చేర్చారు. ప్రభుత్వం ఒక తెగను నేరస్త తెగగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీల్లేదు. 1911 నాటి సవరించిన చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. అంటే మన కోస్తాకు, రాయలసీమకు వచ్చింది.

ఎవరి మీద పడిందో చూడండి. ఎరుకల వాళ్ళలో ఉప్పు ఎరుకలని ఒక శాఖ ఉంది. పేరులోనే వాళ్ళ పని ఉంది. కోస్తాలో ఉప్పు కొని, పశువుల మీద వేసుకొని లోపలి ఊళ్ళకు తీసుకుపోయి అమ్మి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. రైలు వచ్చి ఆ దారిని మింగేసింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. అడవి చట్టాలు పశువుల మేతకూ, బుట్టల వెదురుకూ అడ్డుపడ్డాయి. 1876–78 కరువు మిగిలిన పశువులను తినేసింది. ఊరి ఊరికీ సంచి మోసిన వర్తకుడు, సరుకు పోయాక, సర్కారు కాగితాల్లో ‘పనీపాటా లేకుండా తిరిగేవాడు’ అయ్యాడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ జారుడును ఆర్కైవుల నుంచి తవ్వి చూపించారు. ముందు పని పోయింది, తర్వాత నేరస్త ముద్ర పడింది. మన బళ్ళలో ఈ వరుసను తిరగేసి చెబుతారు, నేరం చేశారు కాబట్టి పని దొరకలేదని.

1911 చట్టం వచ్చిన కొద్ది సంవత్సరాలకే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. గుంటూరు జిల్లాలోనే సీతానగరంలో మరొకటి ఉండేది. హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా పొలిమేర దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారాన్ని కూడా చట్టమే ఇచ్చింది. పని మాత్రం ఇచ్చారు. స్టువర్టుపురం వాళ్ళు చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కార్ఖానాకు కూలీలయ్యారు, సీతానగరం వాళ్ళు రాతి క్వారీల్లో రాళ్ళు కొట్టారు. ఇందులోని వంచన గమనించండి. రిజిస్టరులో పేరు ఉన్నంతకాలం పని ఉంది, కానీ ఆ పనికి కూలి బేరమాడే స్వేచ్ఛ లేదు. రిజిస్టరు దాటి బయటికి వెళ్ళినవాడికి స్వేచ్ఛ ఉంది, కానీ ఆ చిరునామా చెబితే పనిచ్చేవాళ్ళు లేరు.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దేశమంతటా రద్దు చేయమని సిఫార్సు చేశాక, 1952 ఆగస్టు 31న అది పూర్తిగా పోయింది. విముక్త జాతులు ఆ రోజును పండుగలా జరుపుకొంటాయి. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చేసింది, ఆంధ్రప్రదేశ్‌కు 1962లో మరొకటి వచ్చింది. తెగ పేరు తీసేసి మనిషి పేరు పెట్టారు. పోలీసు స్టేషనులో వెతికే ఊరు మాత్రం అదే.

1948లో ‘ది అన్‌టచబుల్స్’ ముందుమాటలో బాబాసాహెబ్ ఆదిమ తెగలనూ, నేరస్త తెగలనూ, అంటరానివారినీ ఒక్కచోట నిలబెట్టి, ఇలాంటి మూడు వర్గాలను పుట్టించినదాన్ని నాగరికత అనగలమా అని నిలదీశారు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో పతితుల, నేరస్తుల ధమ్మ స్వీకారానికి ఒక భాగమే కేటాయించి, అంగులిమాలుణ్ణి అందులో చేర్చారు. మన వాడల్లో ఆ పుస్తకం పారాయణ చేస్తాం. మన వాడల్లోనే ఎరుకల ఇంటి కుర్రవాణ్ణి కాపలా పనికి పెట్టుకోవాలంటే ఒక్క క్షణం ఆగుతాం. నేనూ ఆగిన రోజులున్నాయి.

ఆ క్షణాన్ని సినిమాలు పెంచి పోషించాయి. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, అదే ఏడాది ‘స్టువర్టుపురం దొంగలు’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. ఒక ఊరి పేరును దొంగకు పర్యాయపదంగా టికెట్టు పెట్టి అమ్మారు. ఆ ఊరి నుంచి వచ్చి ఇంటర్వ్యూలో కూర్చున్న పిల్లకు ఎదురయ్యే మొదటి నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ పేర్లు చెబుతాయి. అదే ఊళ్ళో 1970ల నుంచి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, లవణం దంపతులు ఇంటింటికీ తిరిగి, నేరం మానినవాళ్ళకు బతుకుతెరువు చూపడానికి శ్రమించారు. వాళ్ళ మీద అంత ఖర్చుతో సినిమా తీసినవాళ్ళు లేరు.

జైలు లోపల కూడా పని విషయంలో ఇదే లెక్క. పశ్చిమ బెంగాల్ జైలు నియమాల్లో, ఖైదీల్లోంచి రాత్రి కాపలాదారును ఎంచుకొనేటప్పుడు పారిపోయే సహజ గుణమున్న వర్గాలవాళ్ళను, ఉదాహరణకు సంచార తెగలవాళ్ళను పెట్టకూడదని ఉండేది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నియమాలను కొట్టివేసింది. జైళ్ళలో కులాన్ని బట్టి పాకీపని అప్పగించడం చెల్లదని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని ఆదేశించింది. 1871 చట్టం చరిత్రను ఆ తీర్పు వివరంగా చెప్పింది. రద్దయిన 72 ఏళ్ళకు కూడా ఆ చట్టం జైలు గదుల్లో బతికే ఉందన్నమాట.

బయట సంగతి వేరే. శిక్ష ముగిసి ఇన్నేళ్ళు సజావుగా బతికితే పాత శిక్షను లెక్కలోంచి తీసేయాలనే సాధారణ చట్టం మన దేశంలో లేదు. చిన్న కిటికీలు రెండున్నాయి. 1958 ప్రొబేషన్ చట్టం కింద విడిచిపెట్టినవాళ్ళకు ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు. 2015 బాలల న్యాయ చట్టం పిల్లలకు అలాంటి రక్షణే ఇస్తుంది, పదహారు దాటినవాళ్ళ ఘోర నేరాలు మినహా. సర్కారు ఉద్యోగం వచ్చాక నింపే పత్రంలో ‘మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా’ అనే గడి ఉంటుంది. శిక్ష పడిందా అని మాత్రమే కాదు, కేసు ఉందా అని. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పడ్డ కేసులాంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని మన్నించవచ్చంది. మన్నించవచ్చంది, మన్నించాలని అనలేదు. అంబేద్కర్ విగ్రహం దగ్గర ధర్నాలో కూర్చొని కేసు పడ్డ మన పిల్లలు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నారు.

ఇక చివరగా వినయంలోని ఇంకో పట్టిక. ఉపసంపదకు నిలబడినవాణ్ణి సంఘం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, నేటికీ అడుగుతోంది. కుష్ఠు వంటి రోగాలున్నాయా? మనిషివేనా, పురుషుడివేనా? స్వతంత్రుడివేనా? అప్పు లేదు కదా? రాజభటుడివి కాదు కదా? తల్లిదండ్రుల అనుమతి ఉందా? ఇరవై ఏళ్ళు నిండాయా? పాత్ర, చీవరం ఉన్నాయా? నీ పేరేమిటి? నీ ఉపాధ్యాయుని పేరేమిటి? దొంగలకు ప్రవ్రజ్య వద్దన్న నియమం మహావగ్గలో పక్కనే ఉన్నా, ఎప్పుడైనా దొంగతనం చేశావా అన్న ప్రశ్న ఈ పట్టికలో లేదు. పుట్టిన ఊరేది అన్న ప్రశ్న కూడా లేదు.