మడ్డినూనె వృత్తాంతము

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున, కాస్పియన్ సముద్రపు పశ్చిమతీరమందలి బాకు నగరము ముడిచమురు వలన ఐశ్వర్యము గాంచినదే కాని, ఆ చమురును బట్టీలలో కాచిన వర్తకుల దృష్టియంతయు దీపములకు పనికివచ్చు కిరసనాయిలు మీదనే యుండెను. అది పోగా సగమునకు మించి అడుగున మిగులు నల్లని మడ్డిని, రష్యనులు మజూత్ అని పిలిచెడు దానిని, పెక్కురు గుంటలలో నింపియు సముద్రమున విడిచియు వదిలించుకొనుచుండిరి.

ఆ మడ్డిలో శక్తి లేకపోలేదు. మేలైన బొగ్గు కిలోకు సుమారు 7,000 కిలోకెలరీల వేడిమి నొసగుచుండ, ఇది 10,000 వరకు నొసగగలదు. చిక్కదనమే దాని దోషము: చలికి పేరుకొనును, ఊరక నిప్పంటించినచో అరకొరగా కాలి మసిని గ్రక్కును. ముందుగా వెచ్చజేసి పలుచనగావించి, ఆవిరి వేగముచే సన్నని తుంపరగా చిమ్మినపుడు మాత్రమే గాలి ప్రతి బిందువును చుట్టుకొని దానిని చక్కగా దహింపజేయును. వ్లదీమిర్ షూఖవ్ అను యువ ఇంజనీరు 1880 ప్రాంతమున రూపొందించిన బర్నరు ఈ సూత్రము నాశ్రయించినదే. వంటచెరకును బొగ్గును దూరమునుండి రావలసిన ఆ సీమలో, స్టీమర్లును రైలింజనులును క్రమముగా ఈ మడ్డితోనే నడువసాగెను.

తరువాతి తరమున బ్రిటిషు నౌకాదళము, చర్చిలు మంత్రిత్వమున, క్వీన్ ఎలిజబెత్ తరగతి యుద్ధనౌకలను కేవలము నూనెతోనే నడుపనిశ్చయించెను. వేగము హెచ్చెను, పారలతో బొగ్గు విసరుచు కొలిమి సెగకు కమిలిపోవు కళాసీల ప్రయాస తగ్గెను, అయితే స్వదేశమున లేని ఆ నూనె కొరకు 1914లో ప్రభుత్వమే ఆంగ్లో పర్షియన్ కంపెనీలో అధికభాగము కొనవలసివచ్చి, పర్షియా బావులు బ్రిటిషు రాజనీతికి ముడిపడెను.

మన విశాఖపట్టణమున 1957లో కాల్టెక్స్ వారి శుద్ధికర్మాగారము పని నారంభించెను. ఇట్టి కర్మాగారములనుండి వచ్చు ఇంధననూనెలలో పలుచని తరగతులు ముందుగా కాచనక్కరలేకయే మండును. బరువైన ఫర్నేస్ ఆయిలు బాయిలర్లకును గాజు, ఇనుప కొలుములకును, అంతకన్న చిక్కనిది మహానౌకలకును వినియోగమగును.

వ్యర్థమును అర్థముగా మార్చిన ఆ ప్రజ్ఞ వందనీయము. కాని ముడిచమురులోని గంధకము చాలవరకు ఈ మడ్డియందే నిలుచును గనుక, నేలమీదను నీటిమీదను పోయుట మానిన దోషమును మనము గాలిలోనికి పంపితిమి. శోధకయంత్రములు లేని నౌకల యింధనమున గంధకము 3.5 శాతమునుండి 0.5 శాతమునకు తగ్గవలెనను అంతర్జాతీయ నిబంధన 2020 జనవరి 1న అమలునకు వచ్చెను. రేవుపట్టణముల ప్రజలు పీల్చు గాలికి అది చిరకాలముగా చెల్లింపవలసియున్న ఋణము.