ఘుణాక్షరము



ఘుణాక్షర న్యాయమను మాట మీలో పెక్కుమంది వినియుందురు. కొయ్యను దొలుచు పురుగు తన త్రోవను తాను పోవుచుండగా, ఆ గాడి యొక్కొకప్పు డక్షరమువలె కానవచ్చును. అంతమాత్రమున పురుగునకు చదువు వచ్చినదని కాదు. తలవని తలంపుగా కలుగు ఫలమునకు పూర్వులు దీనిని దృష్టాంతముగా చెప్పిరి. బడిపంతులనై యీ న్యాయమును ఏటేట బోధించితినేగాని, ఆ ఘుణమెట్టిదో యొక్కనాడును వంగి చూచినవాడను కాను.

ఆ యుపేక్షాఫలమును బాచుపల్లిలో మా పెరటి మామిడి యనుభవించినది. కొమ్మ చీలినచోట నొక రంధ్రము, అచ్చటినుండి బెరడుపై పొట్టును పట్టుదారమును కలిసిన ముదురురంగు పట్టీ కనబడినవి. చెట్టు లోన డొల్లయైనదని తలచి కొట్టించితిని. చీల్చి చూడగా మ్రాను గట్టిగానే యున్నది. సొరంగము జానెడే. దానిలో నున్నది ఒక్క గొంగళిపురుగు.

అది బెరడు తినెడి పురుగు. పెరిగి రాత్రివేళ నెగురు రెక్కలపురుగగును. 1856లో లండను బ్రిటిషు మ్యూజియము సేకరణను వర్ణించుచు ఫ్రాన్సిస్ వాకరు దానికి పేరు పెట్టెను. నేటి శాస్త్రనామము ఇందర్బెలా క్వాడ్రినోటాటా. 1906లో డెహ్రాడూనున అటవీ పరిశోధన సంస్థ వెలసెను. 1914లో స్టెబ్బింగు ప్రకటించిన అటవీకీటక గ్రంథము పెంకుపురుగులకే పరిమితము. 1941 నాటి బీసను గ్రంథమున రెక్కలపురుగుల వృత్తాంతమును చేరినది. మనము ఒక్క పేరుతో సరిపుచ్చిన పురుగులను వేరుపరచుటకు విద్వాంసుల కింతకాలము పట్టినది.

గుర్తించు విధము వినుడు. బెరడు తినెడి పురుగు పగలు రంధ్రమున దాగి, రాత్రి ఆ పట్టీ చాటున బెరడు మేయును. దానికి ముందు మూడు జతల కాళ్లు, పొట్టక్రింద పొట్టికాళ్లు నుండును. మామిడి కాండమును దొలుచు పెంకుపురుగు పిల్ల యట్లు కాదు. అది తెల్లగా లావుగా నుండును, నడువదగిన కాళ్లుండవు, బెరడుపై పట్టీ నల్లదు. మ్రానును నిజముగా డొల్ల చేయునది అదియే.

బెరడు తినెడి పురుగునకు మందు సులభము. పట్టీని తుడిచి, ఇనుపతీగతో రంధ్రములోని పురుగును చంపి, కిరసనాయిలులో తడిపిన దూదిని దూర్చి, బంకమట్టితో మూయవలెను.

మరుసటి యేడు మా వీధి నేరేటికి నిదే పట్టీ కనబడినది. ఈసారి గొడ్డలిని రానీయలేదు. తీగతోనే పని ముగిసినది. చుట్టును మేడలు లేచిన బాచుపల్లిలో నేడును ఆ చెట్టు నీడ నిచ్చుచున్నది. మా మామిడి మాత్రము తిరిగి రాదు.

కనుక గొడ్డలి యెత్తకమునుపు బెరడును చూడుడు. చెట్టు బ్రతుకు ఘుణాక్షరము కారాదు.