కార్బన్ కాగితాల్లో మిగిలిన కళాచరిత్ర

1940 నవంబరు 3, ఆదివారం. పారిస్‌లో త్విలరీ తోట మూలనున్న జూ ద పోమ్ మ్యూజియం ముందు కార్లు వచ్చి ఆగాయి. దిగినవాడు హిట్లర్ తర్వాత అంతటి హెర్మన్ గోరింగ్. యూనిఫాం లేదు. పొడవాటి ఓవర్‌కోటు, మెత్తటి టోపీ. అతని రాక కోసం రెండు మూడు రోజులుగా లోపల ఒకటే హడావుడి. లూవ్ర్ నుంచీ, జర్మన్ ఎంబసీ నుంచీ నాలుగు వందలకు పైగా పెట్టెలు లారీల్లో తెచ్చి దించారు. మేకులు ఊడబీకి, బొమ్మలు బయటికి తీసి, ఎగ్జిబిషన్ పెట్టినట్టు గోడలకు తగిలించారు. వాటిలో ఒక్కటీ ఆ మ్యూజియానిది కాదు. ప్రాణాలు అరచేత పట్టుకుని ఊరొదిలిన యూదు కుటుంబాల ఇళ్లలోంచి, బ్యాంకు లాకర్లలోంచి ఎత్తుకొచ్చినవి. గోరింగ్ గదిగదికీ తిరిగి తనకు నచ్చినవి ఏరుకున్నాడు. నవంబరు 5న మళ్లీ వచ్చాడు. ఆ రోజే పంపకాల ఉత్తర్వు వెలువడింది. మొదటి వాటా హిట్లర్‌కి, రెండోది తనకి.

ఆ భవనంలో ఆ రోజుల్లో ఒక ఫ్రెంచి ఉద్యోగిని ఉండేది. గుండ్రటి కళ్లద్దాలు, వెనక్కి దువ్వి ముడి వేసుకున్న జుట్టు, సాదా దుస్తులు. పేరు రోజ్ వాలాన్. ఆ వారమే నలభై రెండో ఏడు నిండింది. జర్మన్లు అక్కడి ఫ్రెంచి సిబ్బందిని దాదాపు అందర్నీ పంపించేశారు. ఎలాగైనా సరే అక్కడే ఉండిపొమ్మని జాతీయ మ్యూజియాల అధిపతి జాక్ జోజార్ ఆమెకు చెప్పాడు. భవనం బాగోగులు చూసుకునే మనిషిగా ఉండనిచ్చారు. ఫోను మోగితే తీయడం, బాయిలరు సంగతీ పనివాళ్ల సంగతీ కనుక్కోవడం, ఇలాంటివే ఆమె పనులు. జర్మన్ భాష తనకు అర్థమవుతుందని ఆమె ఎవరికీ తెలియనివ్వలేదు. కళాచరిత్ర ఎంత చదివిందో వాళ్లూ అడగలేదు.

ఆమె చదివింది చాలా ఉంది. ఇజేర్ జిల్లాలో సెంతెత్యెన్ ద సెంజ్వార్ అనే చిన్న ఊళ్లో గుర్రాలకు లాడాలు కొట్టే కమ్మరి కూతురు. టీచరు కావడానికి స్కాలర్‌షిప్పు మీద చదివింది. లియోన్‌లో చిత్రకళ నేర్చింది, పారిస్ వచ్చి బోజార్‌లో చేరింది. అక్కడితో ఆగక లూవ్ర్ వారి కళాశాలలోనూ, ఉన్నత పరిశోధన సంస్థలోనూ కళాచరిత్ర చదివింది. ఇటలీలోని అక్విలేయా ఊరి గోడచిత్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అన్ని డిప్లొమాలున్నా, 1932లో జూ ద పోమ్‌లో చేరినప్పుడు దొరికింది జీతం లేని కొలువు. పలుకుబడి, ఆస్తి ఉన్నవాళ్ల పిల్లలకే మ్యూజియం ఉద్యోగాలు అందే కాలం అది. దాదాపు పదేళ్లు ఆమె జీతం లేకుండానే కేటలాగులు రాసింది, ఎగ్జిబిషన్లు సర్దింది.

ఆ ఎగ్జిబిషన్లలో ఒకదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. 1937 వేసవిలో జూ ద పోమ్‌లో స్వతంత్ర అంతర్జాతీయ కళ పుట్టుక, ఎదుగుదల అనే అంశం మీద ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. సెజాన్ దగ్గర మొదలై, క్యూబిజం మీదుగా, అబ్‌స్ట్రాక్ట్ కళ, సర్రియలిజం దాకా ఒక దారి గీసి చూపించే ప్రయత్నం అది. ఏది దేనిలోంచి పుట్టింది, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకుని ఎవరితో విభేదించారు అన్నది గోడల మీదే చదువుకునేలా. ఆ ఏర్పాట్లలో రోజ్ వాలాన్ చేయి ఉంది. సరిగ్గా అదే వేసవిలో, జులై 19న, మ్యూనిక్‌లో నాజీలు 'దిగజారిన కళ' పేరుతో ఇంకో ప్రదర్శన తెరిచారు. సుమారు 650 బొమ్మలు, శిల్పాలు. చాలా బొమ్మలు వంకరటింకరగా, ఇరుగ్గా వేలాడదీసి, గోడల మీద వెక్కిరింతలు రాశారు. ఇరవై లక్షల మందికి పైగా చూశారు. ఆ రెండు ప్రదర్శనల వాళ్లూ ఒకే కాలపు కళనే వరసలో పెట్టారు. పారిస్‌లో ఆ వరస చదువు కోసం. మ్యూనిక్‌లో అది నేరస్తుల జాబితా.

మూడేళ్లు తిరిగేసరికి ఆ జాబితా జూ ద పోమ్‌లోకే నడిచొచ్చింది. ఆల్‌ఫ్రెడ్ రోజెన్‌బెర్గ్ అనే నాజీ సిద్ధాంతకర్త పేరు మీద నడిచిన దోపిడీ విభాగం ఆ భవనాన్ని గోదాముగా మార్చింది. పాత డచ్, జర్మన్, ఇటాలియన్ చిత్రాలు ఒక వైపు. వాటికి జర్మనీ ప్రయాణం. వెర్మీర్ 1668లో గీసిన 'ఖగోళ శాస్త్రజ్ఞుడు' అలా రాత్‌షీల్డ్ కుటుంబం నుంచి హిట్లర్ కోసం తరలిపోయింది. ఆ బొమ్మ ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. ముందువైపు కిటికీ వెలుగులో గోళం మీద చెయ్యి చాపిన పండితుణ్ణి అందరూ చూస్తారు. వెనకవైపు మాత్రం చిన్న నల్ల స్వస్తిక ముద్ర ఒకటి అలాగే ఉంది.

సెజాన్, మతీస్, బ్రాక్, పికాసోలు ఇంకో వైపు. వాటిని వెనకనున్న ఒక గదిలో, తెర వెనక పెట్టారు. ఆ గదికి రోజ్ వాలాన్ పెట్టిన పేరు అమరవీరుల గది. జర్మనీకి పనికిరావన్న ఆ బొమ్మలే మారకపు సొమ్ము అయ్యాయి. 1941 మార్చి 3న మొదటి బేరం కుదిరింది. గుస్టాఫ్ రోష్లిట్జ్ అనే వ్యాపారి టిషన్‌దని చెప్పిన ఒక చిత్రం, డచ్ చిత్రకారుడు వీనిక్స్‌ది ఒకటి, మొత్తం రెండు ఇచ్చాడు. బదులుగా 11 బొమ్మలు పట్టుకెళ్లాడు. వాటిలో దెగా, సెజాన్, మతీస్, పికాసోలవి ఉన్నాయి. ఆ టిషన్ నిజంగా టిషన్ గీసిందేనా అన్నది తర్వాత పెద్ద అనుమానంగానే మిగిలింది. 1943 చివరికి అలాంటి మార్పిడులు 28 జరిగాయి. అందులో 18 ఈ ఒక్క వ్యాపారితోనే.

ఇక్కడే ఆమె చదువు పనికొచ్చింది. పెట్టెలు మోసే మనిషికి అది ఆకుపచ్చ ఫ్రేములోని స్త్రీ బొమ్మ. ఆమెకు మాత్రం అది ఫలానా ఏడాది మతీస్, ఫలానా ఇంటి హాల్లో ఉండేది, ఫలానా ప్రదర్శనకు అరువు ఇచ్చారు. ఒక బొమ్మ గదిలోంచి గదిలోకి వెళ్లే నాలుగు అంగల్లో చూసి గుర్తుపట్టాలి, మనసులో పెట్టుకోవాలి, ఎవరూ లేనప్పుడు రాసుకోవాలి. పట్టుకుని నిలబడి చూసే అవకాశం ఆమెకు లేదు. ఇరవై ఏళ్లు కళ్లకు అలవాటు చేసిన వరస లేకపోతే ఇది ఎవరివల్లా అయ్యే పని కాదని నా నమ్మకం.

రాత్రిళ్లు ఆఫీసు చెత్తబుట్టల్లోంచి టైపు మిషను కార్బన్ కాగితాలు ఏరేది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, నల్లటి కాగితంలో అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి. పేర్లు, పెట్టెల నంబర్లు, చేరవలసిన ఊళ్లు. జర్మన్ ఫొటోగ్రాఫర్లు తీసిన నెగటివ్‌లను సాయంత్రం సంచిలో వేసుకెళ్లి, రాత్రికి రాత్రి కాపీలు తీయించి, తెల్లారి యథాస్థానంలో పెట్టేది. డ్రైవర్లు, ప్యాకింగు పనివాళ్లు, కాపలావాళ్లు మాటల మధ్య జారవిడిచిన సంగతులు కూడా రాసుకునేది. అన్నీ జోజార్‌కి చేరేవి. అనుమానం వచ్చి ఆమెను చాలాసార్లు బయటికి గెంటారు. ప్రతిసారీ ఏదో ఒక సాకుతో మళ్లీ వచ్చేది.

ఆమెను కనిపెట్టి ఉన్నవాళ్లలో ముఖ్యుడు బ్రూనో లోసె, పారిస్‌లో గోరింగ్ మనిషి. వయసులో చిన్నవాడు, ఆజానుబాహుడు, కళాచరిత్రలో డాక్టరేట్ ఉన్నవాడు. ఒక రోజు ఆమె ఏవో కాగితాల మీద చిరునామా చదవబోతుండగా పట్టుకున్నాడు. ఇక్కడ నోరు జారితే కాల్చేస్తారని హెచ్చరించాడు. ఆ సంగతి తెలియని వెర్రివాళ్లు ఇక్కడెవరూ లేరన్న అర్థంలో ఆమె నిబ్బరంగా జవాబిచ్చింది. ఆ ఇద్దరినీ పక్కపక్కన ఊహించుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరూ చదివింది ఒకే శాస్త్రం. ఏ బొమ్మ ఎంత గొప్పదో ఇద్దరికీ తెలుసు. బొమ్మ వెనక ఒక ఇల్లు, ఆ ఇంట్లో మనుషులు ఉన్నారన్నది ఆమె ఒక్కతే మరిచిపోలేదు.

1943 జులైలో రోబర్ట్ షోల్జ్ అనే నాజీ కళా విమర్శకుడి ఆధ్వర్యంలో ఆ 'పనికిరాని' బొమ్మల్ని మూడు రకాలుగా విడదీశారు. అమ్మదగినవి, మార్చుకోదగినవి, నాశనం చెయ్యదగినవి. మూడో రకాన్ని కత్తులతో చీల్చి, లారీల్లో తెచ్చి, జూ ద పోమ్ తోటలో తగలబెట్టారు. మసోఁ, మిరో, క్లే, మాక్స్ ఎర్న్‌స్ట్, లేజే, పికాసో. ఐదారు వందలని ఆమె లెక్క. ఆ లెక్క మీద చరిత్రకారులు తర్వాత వాదించుకున్నారు. ఏమీ చెయ్యలేక నిలబడిన మనిషి పొగలోకి చూస్తూ వేసిన లెక్క అది. ఆమె మంట ఆర్పలేదు, అడ్డం పడలేదు. పడి ఉంటే మర్నాడు రాయడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

1944 ఆగస్టు వచ్చింది. మిత్రసేనలు పారిస్‌కి దగ్గరవుతున్నాయి. మిగిలిన ఆధునిక చిత్రాలను 148 పెట్టెల్లో సర్ది, అయిదు వ్యాగన్లకు ఎక్కించి, ఆగస్టు 2న సీలు వేశారు. పెట్టెల నంబర్లు, వ్యాగన్ల నంబర్లు, బండి నంబరు 40044, అన్నీ ఆమె జోజార్‌కి అందించింది. ఆయన రైల్వేలోని ప్రతిఘటన దళానికి చేరవేశాడు. ఆ బండి ఇక కదిలితే ఒట్టు. యూదుల ఇళ్లలోంచి దోచిన మంచాలూ బీరువాలతో మిగతా వ్యాగన్లు నిండేదాకా ఎలాగూ ఆగాల్సిందే. నిండాక ఒకచోట సిగ్నలు లేదు, ఇంకోచోట ఇంజన్ పనిచెయ్యలేదు. పారిస్ శివార్లు దాటకుండానే ఓల్నేలో ఇరుక్కుపోయింది. ఆగస్టు 27న ఫ్రెంచి సైనికులు దాన్ని పట్టుకున్నారు. వాళ్ల నాయకుడు లెఫ్టినెంట్ అలెగ్జాండర్ రోజెన్‌బెర్గ్. పారిస్‌లో పేరుమోసిన కళావ్యాపారి పాల్ రోజెన్‌బెర్గ్ కొడుకు. పెట్టెలు తెరిస్తే లోపల తమ ఇంటి గోడల మీద చిన్నప్పట్నుంచీ చూసిన బొమ్మలు. 64 పికాసోలు, 29 బ్రాక్‌లు ఆ బండిలో ఉన్నాయని ఆమె తర్వాత రాసింది.

నగరం విముక్తమైన రోజున ఆమెకు దక్కింది సన్మానం కాదు. జర్మన్లను దాచిపెట్టావని అనుమానించి, వీపుకు తుపాకీ ఆనించి, నేలమాళిగ తెరిపించారు. లోపల మ్యూజియం సామాన్లు తప్ప ఎవరూ లేరు. నాలుగేళ్లు జర్మన్ల మధ్య పనిచేసిన ఫ్రెంచి మనిషి అంటే ఆ రోజుల్లో దేశద్రోహి కిందే లెక్క. అందుకేనేమో ఆమె కూడా ఎవర్నీ తొందరపడి నమ్మలేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి వచ్చిన అమెరికన్ అధికారి జేమ్స్ రోరిమర్‌ను నెలల తరబడి తూచి చూసి, చివరికి తన దగ్గరున్న ఫొటోలు, జాబితాలు అతని ముందు పెట్టింది. బవేరియాలో నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు వెళ్లమంది. 1945 మే మొదట్లో అతను ఆ కోట చేరేసరికి, ఆమె చెప్పినట్టే బొమ్మలతోపాటు దోపిడీ విభాగం రికార్డులూ నెగటివ్‌లూ వేల సంఖ్యలో దొరికాయి. ఆ విభాగం సొంత లెక్క ప్రకారమే 1944 జులై నాటికి ఫ్రాన్స్‌లో 203 సేకరణల నుంచి 21,903 వస్తువులు స్వాధీనం చేసుకున్నారు.

ఆ తర్వాత ఆమె ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్ హోదాతో జర్మనీ వెళ్లి, ఏళ్ల తరబడి గోదాముల్లో బొమ్మలు వెతికింది. యుద్ధానంతరం ఫ్రాన్స్‌కి తిరిగొచ్చిన కళాఖండాలు దాదాపు 60 వేలు. వాటిలో సుమారు 45 వేలు సొంతదారులకో వారసులకో అందాయి. పూర్తిస్థాయి మ్యూజియం క్యూరేటర్ పదవి ఆమెకు దక్కేసరికి వయసు యాభై దాటింది. 1961లో తన కథ పుస్తకంగా రాసింది. 1964లో దాని ఆధారంగా హాలీవుడ్ వాళ్లు రైలు చుట్టూ ఒక సినిమా అల్లారు. అందులో ఆమె పాత్రకు దక్కింది చిన్న చోటు. 1980 సెప్టెంబరు 18న చనిపోయింది. జూ ద పోమ్ గోడ మీద ఆమె పేరుతో ఫలకం వెలిసింది 2005లో.

ఆమె నోటుపుస్తకాలు 2011లో అచ్చయ్యాయి. సొంతదారు తేలని దాదాపు రెండు వేల కళాఖండాలు ఇప్పటికీ ఫ్రెంచి మ్యూజియాల్లో ప్రత్యేక జాబితా కింద, ఎవరైనా వచ్చి అడిగేదాకా భద్రంగా ఉన్నాయి. వాటి మీద పనిచేసే పరిశోధకులు ఒక ఇంటిపేరు కోసమో, ఒక పెట్టె నంబరు కోసమో ఆ పేజీలు తిరగేస్తున్నారు.