నమూనా నుంచి నివేదిక వరకు: సెగవ్యాధి ప్రయోగశాల పరీక్షల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు:
1. సూక్ష్మజీవిని గుర్తించక ముందు సెగవ్యాధి నిర్ధారణ ఏ ఆధారాల మీద జరిగింది?
2. కల్చర్ పరీక్ష ఎందుకు అవసరమైంది, ఏ దశల్లో మెరుగుపడింది?
3. ప్రయోగశాల నివేదికలోని మాటలకు సామాజిక చరిత్రలో ఉన్న ప్రాముఖ్యం ఏమిటి?

1. పరిచయం

జననేంద్రియాల నుంచి తీసిన ఒక స్వాబ్ ప్రయోగశాలకు చేరి, రెండు మూడు రోజుల తరువాత ఒక కాగితంగా తిరిగి వస్తుంది. ఆ కాగితం మీద ఉండేవి ఒకటి రెండు వాక్యాలే. కాని వాటి మీద ఒక కాపురం, ఒక ఉద్యోగం, కొన్ని సందర్భాల్లో ఒక కోర్టు తీర్పు కూడా ఆధారపడి ఉంటాయి. అందుచేత ఈ పరీక్ష చరిత్రను వైద్య విద్యార్థులకు మాత్రమే వదిలివేయడం సరికాదు. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఇందులో ఉంది: పరీక్ష లేని కాలంలో నింద ఎవరి మీద పడింది? పరీక్ష వచ్చిన తరువాత ఆ పరిస్థితి ఎంతవరకు మారింది?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి సెగవ్యాధి, అంటే గనేరియా, తగిన ఉదాహరణ. దీనికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. పురుషుల్లో ఎక్కువమందికి మూత్రనాళం నుంచి చీము, మంట రూపంలో వ్యాధి త్వరగా బయటపడుతుంది. స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. వ్యాధి లోలోపల పాకి గర్భనాళాలను దెబ్బతీసి సంతానలేమికి దారితీసే వరకు తెలియకపోవచ్చు. ఈ పాఠంలోని చరిత్ర మొత్తం ఈ తేడా చుట్టూ తిరుగుతుంది.

2. సూక్ష్మజీవి తెలియని కాలం

పద్దెనిమిదవ శతాబ్దంలో సెగవ్యాధి, సవాయి ఒకే రోగానికి రెండు రూపాలని చాలామంది వైద్యులు నమ్మేవారు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1767లో సెగవ్యాధి చీమును చర్మంలోకి ఎక్కించి ఒక ప్రయోగం చేశాడు. సవాయి లక్షణాలు కనిపించడంతో రెండూ ఒకటేనని నిర్ణయించాడు. చీము ఇచ్చిన రోగికి రెండు వ్యాధులూ ఉండి ఉంటాయని నేడు భావిస్తున్నారు. హంటర్‌కున్న పలుకుబడి వల్ల ఈ పొరపాటు దశాబ్దాల పాటు నిలిచింది. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ రికోర్ 1838లో ఈ రెండూ వేర్వేరు వ్యాధులని నిరూపించాడు.

ఈ కాలంలోనే రాజ్యం కూడా సుఖరోగాల విషయంలో జోక్యం చేసుకుంది. సైనికులకు ఈ రోగాలు ఎక్కువగా సోకుతున్నాయనే కారణంతో బ్రిటన్‌లో 1864, 1866, 1869లలో అంటువ్యాధుల చట్టాలు వచ్చాయి. భారతదేశంలో 1868లో అటువంటి చట్టమే చేశారు. వీటి ప్రకారం వ్యభిచార వృత్తిలో ఉన్నవారుగా గుర్తించిన స్త్రీలు నిర్ణీత కాలానికి ఒకసారి నిర్బంధ పరీక్షకు హాజరు కావాలి. రోగం ఉన్నదని వైద్యుడు భావిస్తే వారిని లాక్ ఆసుపత్రిలో ఉంచేవారు. మద్రాసు రాజధాని సైనిక వ్యవస్థ కింద సికిందరాబాదు, బళ్లారి వంటి కంటోన్మెంట్లలో ఇటువంటి ఆసుపత్రులు నడిచాయి. పురుషులకు ఈ చట్టాలలో నిర్బంధ పరీక్ష లేదు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ వైద్యుడి చేతిలో ఏ ప్రయోగశాల పరీక్షా లేదు. కంటికి కనిపించిన ఎరుపు, స్రావం, పుండు, ఇవే ఆధారాలు. మామూలు తెల్లబట్ట ఉన్న స్త్రీని రోగి అని నిర్బంధించే అవకాశం ఉంది. ఏ లక్షణమూ లేని రోగిని ఆరోగ్యవంతురాలని పంపివేసే అవకాశమూ ఉంది. జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో జరిగిన ఉద్యమం ఫలితంగా బ్రిటన్‌లో ఈ చట్టాలు 1886లో రద్దయ్యాయి. భారతదేశంలోని చట్టం 1888లో రద్దయింది.

సరిగ్గా ఇదే కాలంలో ఒక వైద్యుడు భిన్నమైన వాదన చేశాడు. న్యూయార్క్‌లో స్త్రీల వైద్యుడైన ఎమిల్ నోగెరాత్ 1872లో ప్రచురించిన గ్రంథంలో, స్త్రీలలో సెగవ్యాధి గుప్తంగా ఉండిపోగలదని చెప్పాడు. తాము పూర్తిగా నయమయ్యామని నమ్మే భర్తల నుంచి గృహిణులకు అది సోకుతోందని, ఎందరో స్త్రీల సంతానలేమికి ఇదే కారణమని వాదించాడు. తోటి వైద్యులు దీనిని అంగీకరించలేదు. చూపడానికి అతని దగ్గర సూక్ష్మజీవి లేదు, పరీక్ష లేదు. గౌరవనీయులైన భర్తల వైపు వేలు చూపే మాటను ఆధారం లేకుండా ఆనాటి సమాజం ఒప్పుకునే పరిస్థితీ లేదు.

3. నైసర్ ఆవిష్కరణ – సూక్ష్మదర్శిని పరిమితి

1879లో బ్రెస్లావు నగరంలో 24 ఏళ్ల ఆల్బర్ట్ నైసర్ సెగవ్యాధి రోగుల చీమును రంగువేసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. చీముకణాల లోపల జంటలు జంటలుగా ఉన్న గుండ్రని బాక్టీరియా కనిపించాయి. నవజాత శిశువుల కళ్ల చీములోనూ ఇవే కనిపించాయి. వీటికి గోనోకాకస్ అనే పేరు స్థిరపడింది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ రూపొందించిన రంజన పద్ధతి ఈ గుర్తింపును మరింత సులభం చేసింది. గోనోకాకస్ ఆ పద్ధతిలో గులాబి రంగులో, అంటే గ్రామ్ రుణాత్మకంగా కనిపిస్తుంది.

లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే 1880లో పుట్టిన బిడ్డల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం ప్రారంభించాడు. సుమారు 10 శాతం శిశువులలో కనిపించే కంటివ్యాధి 1 శాతం కంటే తక్కువకు దిగింది. తల్లులలో ఎంతమందికి ఈ వ్యాధి తెలియకుండా ఉండేదో ఈ అంకెలే చెబుతాయి. నోగెరాత్ మాటకు బలం చేకూరింది.

అయితే సూక్ష్మదర్శినికి ఒక పరిమితి ఉంది. లక్షణాలున్న పురుషుని మూత్రనాళ చీములో గ్రామ్ రంజనం ద్వారా వ్యాధిని 100 మందిలో 95 మందికి పైగా గుర్తించవచ్చు. స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాలో మాత్రం సుమారు సగం మందిలోనే అది పట్టుబడుతుంది. అక్కడ సహజంగా ఉండే అనేక బాక్టీరియాల మధ్య కొద్దిపాటి గోనోకాకస్‌లు కలిసిపోతాయి. కాబట్టి సూక్ష్మదర్శిని ఎవరి విషయంలో అవసరం ఎక్కువో వారి విషయంలోనే బలహీనమైంది.

4. కల్చర్: సూక్ష్మజీవిని పెంచడం

ఈ లోటును తీర్చడానికి మార్గం సూక్ష్మజీవిని పెంచి చూడడం. 1885లో ఎర్నెస్ట్ బుమ్ గడ్డకట్టించిన మానవ రక్తరసి మీద గోనోకాకస్‌ను పెంచాడు. దానిని ఆరోగ్యకరమైన మూత్రనాళంలోకి ఎక్కించి వ్యాధి కలుగుతుందని నిరూపించాడు. శాస్త్రపరంగా ఇది నిర్ణయాత్మకమైన రుజువు. నేటి నీతి నియమాల ప్రకారం ఇటువంటి ప్రయోగానికి అనుమతి దొరకదు. ఈ సందర్భంలో మరో ఉదంతం కూడా తెలుసుకోవాలి. నైసర్ 1892లో సవాయి రోగుల రక్తరసిని వ్యభిచార వృత్తిలోని యువతులు మొదలైనవారికి వారి అనుమతి లేకుండా ఎక్కించాడు. ఈ సంగతి బయటపడి అతనికి జరిమానా పడింది. 1900లో ప్రష్యా ప్రభుత్వం రోగి అనుమతి తప్పనిసరి అని ఆదేశం జారీచేసింది.

గోనోకాకస్ చాలా సుకుమారమైన జీవి. ఎండితే చనిపోతుంది, చల్లబడితే చనిపోతుంది. దూది నారలోని కొవ్వు ఆమ్లాలు కూడా దానికి హాని చేస్తాయి. అది పెరగడానికి వేడిచేసిన రక్తం కలిపిన చాకొలెట్ అగార్, సుమారు 35–36 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో కాస్త ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ కావాలి. చిన్న ప్రయోగశాలల్లో మూతపెట్టిన జాడీలో కొవ్వొత్తి వెలిగించి ఈ చివరి అవసరాన్ని తీర్చేవారు. కొవ్వొత్తి ఆరిపోయే సరికి జాడీలో తగినంత కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది.

రోగి ఉండే చోటుకూ ప్రయోగశాలకూ మధ్య దూరం మరో సమస్య. గ్లాస్గోలో పనిచేసిన ఆర్.డి. స్టువర్ట్ ఈ సమస్య మీదనే కృషి చేశాడు. నమూనాలోని జీవి చనిపోకుండా, అలాగని మితిమీరి పెరగకుండా ఉంచే రవాణా యానకం అతని పేరుతో ప్రసిద్ధమైంది. 1967లో ఆమీస్ దానిని బొగ్గుపొడితో మెరుగుపరిచాడు.

ఇన్ని చేసినా స్త్రీల నమూనాల్లో ఇతర బాక్టీరియా ముందుగా పెరిగి గోనోకాకస్‌ను కప్పివేసేవి. 1964లో అమెరికా ప్రజారోగ్య శాస్త్రజ్ఞులు జేమ్స్ థేయర్, జాన్ మార్టిన్ యాంటీబయాటిక్‌లు కలిపిన ఎంపిక యానకాన్ని తయారుచేశారు. 1966లో దానిని వాంకోమైసిన్, కొలిస్టిన్, నిస్టాటిన్ అనే మందులతో సవరించారు. ఇతర జీవులను ఇవి అణచివేస్తాయి, గోనోకాకస్‌ను పెరగనిస్తాయి. లక్షణాలు లేని స్త్రీలో వ్యాధిని పెద్ద ఎత్తున గుర్తించడం దీనితో సాధ్యమైంది. 1972 నుంచి అమెరికాలో ప్రభుత్వ నిధులతో కుటుంబ నియంత్రణ కేంద్రాలు, ఇతర క్లినిక్‌లకు వచ్చే స్త్రీలకు కల్చర్ పరీక్షలు జరిపారు. వృత్తిని బట్టి అనుమానించే పద్ధతికి భిన్నంగా, క్లినిక్‌కు వచ్చిన ఎవరి నమూనానైనా ఒకే విధంగా పరీక్షించే పద్ధతి ఇది.

1975లో అమెరికాలో నమోదైన కేసులు దాదాపు 10 లక్షలకు చేరాయి. ఈ పెరుగుదలలో కొంత భాగం పరీక్షలు పెరగడం వల్ల వచ్చినదే. చరిత్ర విద్యార్థి గణాంకాలను చదివేటప్పుడు ఈ తేడాను మరువరాదు. పరీక్ష చేయని చోట రోగులు లెక్కలో ఉండరు.

5. నివేదికలోని మాటలు

ఎంపిక యానకం మీద పెరిగిన ప్రతి జీవీ గోనోకాకస్ కాదు. 1928లో గోర్డన్, మెక్లియాడ్ ప్రవేశపెట్టిన ఆక్సిడేజ్ పరీక్షలో నైసీరియా జాతులన్నీ రంగు మారతాయి. తరువాత చక్కెరల పరీక్ష చేయాలి. గోనోకాకస్ గ్లూకోజ్ నుంచి మాత్రమే ఆమ్లాన్ని తయారుచేస్తుంది. మెదడు పొరల వాపుకు కారణమయ్యే మెనింగోకాకస్ గ్లూకోజ్, మాల్టోజ్ రెండింటి నుంచీ తయారుచేస్తుంది. ఈ దశ పూర్తికాక ముందు ఇచ్చేది ప్రాథమిక నివేదిక, పూర్తయిన తరువాత ఇచ్చేది నిర్ధారిత నివేదిక.

ఈ తేడా ఎంత గంభీరమైనదో ఒక అధ్యయనం తెలుపుతుంది. పిల్లల నుంచి తీసి గోనోకాకస్ అని పేర్కొన్న 40 కల్చర్లను అమెరికా నిపుణులు మళ్లీ పరీక్షించగా, 14 గోనోకాకస్ కావని తేలింది. దీని ఫలితాలు 1988లో వెలువడ్డాయి. పిల్లల్లో ఈ వ్యాధి కనబడితే లైంగిక దాడి జరిగిందనే అనుమానం వస్తుంది. తప్పు నివేదిక వల్ల నిర్దోషి జైలుకు వెళ్లవచ్చు, ఒక కుటుంబం విచ్ఛిన్నం కావచ్చు. అందుకే అటువంటి నమూనాలను వేర్వేరు సూత్రాల మీద పనిచేసే రెండు పద్ధతులతోనైనా నిర్ధారించాలన్న నియమం ఏర్పడింది.

దీనికి మరో వైపు కూడా ఉంది. ‘గోనోకాకస్ పెరగలేదు’ అన్న వాక్యానికి ‘వ్యాధి లేదు’ అని అర్థం కాదు. నమూనా దారిలో ఎండిపోయి ఉండవచ్చు, సరైన చోటి నుంచి తీసి ఉండకపోవచ్చు. లాక్ ఆసుపత్రి వైద్యుడు తన చూపును సందేహించలేదు. మంచి ప్రయోగశాల నివేదిక తన పరిమితిని తానే చెబుతుంది.

నివేదిక ఎవరి చేతికి వెళ్లాలన్నది కూడా చారిత్రక ప్రశ్నే. బ్రిటన్‌లో రాయల్ కమిషన్ సిఫారసుల మీద 1916లో వచ్చిన నిబంధనలు ఉచిత పరీక్ష, ఉచిత చికిత్స, గోప్యత అనే మూడింటినీ ఒకచోట చేర్చాయి. నిర్బంధం వల్ల దాక్కున్న రోగులు, గోప్యత హామీ ఉంటే స్వయంగా వస్తారన్నది ఈ విధానం వెనుక ఉన్న ఆలోచన.

6. ఔషధ నిరోధకత – కల్చర్ భవిష్యత్తు

1943లో పెన్సిలిన్ సెగవ్యాధిని నయం చేస్తుందని తేలడంతో ఈ సమస్య ముగిసిందని చాలామంది భావించారు. 1976లో పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైమును ఉత్పత్తి చేసే గోనోకాకస్‌లు బయటపడ్డాయి. తరువాత ఒక్కొక్క మందూ బలహీనపడుతూ వచ్చింది. 2011లో జపాన్ శాస్త్రజ్ఞులు సెఫ్ట్రియాక్సోన్‌కు సైతం గట్టిగా లొంగని రకాన్ని వెల్లడించారు.

ఇదే సమయంలో 1990ల నుంచి జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్షలు వ్యాప్తిలోకి వచ్చాయి. ఇవి త్వరగా ఫలితమిస్తాయి, మూత్రం నమూనాతోనూ పనిచేస్తాయి. కాని ఏ మందు పనిచేస్తుందో పూర్తిగా చెప్పాలంటే బతికున్న జీవి కావాలి. అందుకే కల్చర్‌ను వదులుకోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరుతోంది.

మనదేశంలో చాలాచోట్ల లక్షణాలను బట్టి మందుల కిట్ ఇచ్చే విధానం అమలులో ఉంది. ప్రయోగశాల లేని చోట రోగికి అదే రోజు చికిత్స అందడం దీని గొప్ప మేలు. హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాల వంటి ప్రాంతీయ కేంద్రాలు కల్చర్ పని చూస్తున్నాయి. అయితే లక్షణాల మీద ఆధారపడే ఏ విధానమైనా లక్షణాలు లేని స్త్రీని చేరుకోలేదు. 1872లో నోగెరాత్ చెప్పిన స్త్రీ ఆమే.

7. సారాంశం

సెగవ్యాధి పరీక్షల చరిత్రలో ప్రతి ముందడుగు ఒకే లోటును పూడ్చడానికి జరిగింది: బయటికి కనిపించని వ్యాధిని ఎలా తెలుసుకోవాలి? పరీక్ష లేనప్పుడు ఆ ఖాళీని అనుమానం నింపింది, దాని భారం స్త్రీల మీద, ముఖ్యంగా పేద స్త్రీల మీద పడింది. కల్చర్ ఆ అనుమానం స్థానంలో పరిశీలించదగిన ఆధారాన్ని ఉంచింది. అయితే నమూనాను సరిగా తీసి, జాగ్రత్తగా పంపి, నిదానంగా నిర్ధారించి, గోప్యంగా అందించినప్పుడే ఆ ఆధారానికి విలువ ఉంటుంది.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. 1868 నాటి చట్టం కింద జరిగిన పరీక్షల్లోని లోపాలను విమర్శించండి.
2. థేయర్–మార్టిన్ యానకం స్త్రీల వ్యాధి నిర్ధారణలో తెచ్చిన మార్పును వివరించండి.
3. ‘పరీక్ష చేయని చోట రోగులు లెక్కలో ఉండరు’ – చర్చించండి.