పాఠశాలల మధ్య బోధనా పద్ధతుల మార్పిడి: మదనపల్లె–కుప్పం ప్రాంతం

ఒక బడిలో పుట్టిన బోధనా పద్ధతిని మరో బడి ఉపాధ్యాయులు చూసి, నేర్చుకుని, తమ పిల్లలకు తగ్గట్టు మలచుకోవడం విద్యారంగంలో పాత ఆశయమే. ప్రాథమిక పాఠశాలలను దగ్గరలోని ఉన్నత పాఠశాలతో కలిపి ‘స్కూల్ కాంప్లెక్స్’గా నడపాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం అదే మాటను మళ్ళీ చెప్పింది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువగా మదనపల్లె, పుంగనూరు, గంగవరం, కుప్పం పరిసరాలున్న పూర్వపు చిత్తూరు జిల్లా నుంచి ఒక పద్ధతి నిజంగానే ఈ రెండు రాష్ట్రాల ప్రభుత్వ బళ్ళకు చేరింది. దాని ప్రయాణాన్ని గమనిస్తే ఒక సంగతి తేలుతుంది. బోధన సామగ్రిని తయారుచేసే పనిలో ఉపాధ్యాయులకు కూడా వాటా దక్కినప్పుడే ఇలాంటి మార్పిడి నిలబడుతుంది.

రిషివ్యాలీ నిచ్చెన

మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ విద్యాకేంద్రానికి అనుబంధంగా, చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్ళు వెలిశాయి. ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలకు చెప్పాల్సిన బళ్ళవి. వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి ఈ పరిస్థితికి తగిన పద్ధతిని తీర్చిదిద్దారు. పాఠ్యాంశాన్ని చిన్న మజిలీలుగా విడగొట్టి, ఒక్కో మజిలీకి పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం వంటి దశలకు వేర్వేరు కార్డులు తయారుచేశారు. వాటి క్రమాన్ని చూపే ‘అభ్యసన నిచ్చెన’ను గోడకు తగిలించారు. చదవడం ఇంకా రాని పిల్లలు కూడా బొమ్మ గుర్తును బట్టి తమ కార్డు వెతుక్కోగలరు. కొన్ని పనులకు ఉపాధ్యాయుడి సాయం కావాలి, కొన్నింటికి తోటి పిల్లల సాయం చాలు, కొన్ని ఎవరికి వారే చేసుకోవచ్చు. సేద్యం పనులకో వలసకో వెళ్ళి కొన్నాళ్ళు బడికి రాని పిల్లవాడు తిరిగొచ్చాక, ఆపిన మెట్టు నుంచే మొదలుపెట్టవచ్చు. ఊళ్ళో వాళ్ళను పిలిచి పిల్లలే తూకాలు, కొలతలు చేసి చూపే ‘మెట్రిక్ మేళా’ ఈ బళ్ళను ఊరికి దగ్గర చేసింది.

సరిహద్దు దాటిన తీరు

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు యూనిసెఫ్ సహకారంతో రిషివ్యాలీ వచ్చి ఈ బళ్ళను చూశారు. తిరిగి వెళ్ళాక తెలుగు కార్డులకు కన్నడ అనువాదంతో సరిపెట్టుకోలేదు. తమ పాఠ్యప్రణాళికకు, తమ పరిసరాలకు తగ్గట్టు కొత్తగా రాసుకున్నారు. అదే ‘నలి–కలి’. 2009–10 నుంచి అది కర్ణాటక అంతటా ప్రాథమిక దశ తొలి తరగతుల్లో అమలైంది. చెన్నైలో 2003లో కార్పొరేషన్ బళ్ళలో కొన్నింటితో మొదలైన కృత్యాధార బోధన కూడా రిషివ్యాలీ నుంచి ప్రేరణ పొందినదే. కొన్నేళ్ళలోనే అది ప్రభుత్వ ఆదేశంతో తమిళనాడు అంతటికీ విస్తరించింది. ఈ రెండో దారిలో వేగం ఎక్కువ. కానీ వేల బళ్ళకు ఒకేసారి కార్డుల పెట్టెలు అందినప్పుడు, వాటిని అందుకున్న ఉపాధ్యాయుల్లో అత్యధికులకు ఆ కార్డు అక్కడే ఎందుకుందో తెలిసే అవకాశం తక్కువ. కారణం తెలియని పద్ధతిని సవరించుకోలేరు. సవరించుకోలేనిది కొన్నాళ్ళకు తంతుగా మిగులుతుంది.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ మరో మార్గం చూపింది. రాంజీ రాఘవన్ 1999లో నెలకొల్పిన ఈ సంస్థ తక్కువ ఖర్చుతో చేసిన ప్రయోగ పరికరాలను వాహనాల్లో ప్రభుత్వ బళ్ళకు తీసుకెళ్తుంది. సైన్స్ మేళాల్లో పిల్లల చేతనే తోటి పిల్లలకు వివరింపజేస్తుంది. అయితే వాహనం వెళ్ళిపోయాక ఆ ప్రయోగం తరగతిలో కొనసాగాలంటే, స్థానిక వస్తువులతో దాన్ని మళ్ళీ తయారుచేయగలిగే ఉపాధ్యాయుడు ఉండాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

రిషివ్యాలీ వంటి సంపన్న రెసిడెన్షియల్ బడి నేపథ్యమున్న పద్ధతి ప్రభుత్వ బడికి సరిపడదన్నది మొదటి ఆక్షేపణ. కానీ నిచ్చెన పుట్టింది రెసిడెన్షియల్ బడిలో కాదు, ఏకోపాధ్యాయ పల్లె బళ్ళలో. ప్రతి ఉపాధ్యాయుడూ కార్డులు రాయలేడని, రాస్తే నాణ్యత పడిపోతుందని మరో వాదన. ఇందులో నిజముంది. అందుకే నైపుణ్యాల క్రమాన్ని ఉమ్మడిగా ఉంచి, ఉదాహరణలు, ఆటలు, పరిసరాల అంశాలు స్థానికులకు వదిలేయడం మేలు. హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు కూడా ఒంటరిగా కాక బృందంగానే రాశారు. ఇక సమయం లేదన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. బ్రిటన్ సాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై తరువాత రాష్ట్రమంతటా సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు కలుసుకోవడానికి ప్రత్యేక కేంద్రాలను కల్పించింది. అంటే మార్పిడికి చోటూ సమయమూ కేటాయించడం అసాధ్యమేమీ కాదు. ఆ సమయాన్ని సర్క్యులర్లు చదవడం, లెక్కలు అప్పగించడం మింగేస్తే స్కూల్ కాంప్లెక్స్ ఉపాధ్యాయుల సమావేశం జరిగినా మార్పిడి జరగదు.

వ్యాప్తి వేరు, ఫలితం వేరు. ఒక పద్ధతి ఎన్ని బళ్ళకు చేరిందన్న లెక్క పిల్లలు ఎంత నేర్చుకున్నారో చెప్పదు. కాబట్టి బళ్ళు పంచుకునే వాటిలో విజయాలతోపాటు పనిచేయని కార్డులు, పిల్లలు ఆగిపోతున్న మెట్లు కూడా ఉండాలి. గంగవరంలో తేలిన లోపం పుంగనూరు ఉపాధ్యాయుడికి ముందే తెలిస్తే, అతడు అదే కార్డును మార్చి వాడుకోగలడు.