కంపెనీ, కుంపిణీ, పొత్తు

పటాన్‌చెరు ప్రాంతపు బడిలో నేను తెలుగు చెప్పిన కాలంలో "మీ నాయన ఏం చేస్తాడురా?" అని అడిగితే సగం తరగతి ఒకే సమాధానం ఇచ్చేది: "కంపెనీల పని చేస్తడు సార్." అది మందులదా, ఇనుముదా, రంగులదా అన్న విచారణ వారికి లేదు. గేటు, సైరను, పొగగొట్టం ఉన్నదల్లా కంపెనీయే.

ఆంగ్లంలో ఈ పదానికి మనుషుల కూటమి, వర్తక సంఘం అన్నవే ప్రధానార్థాలు. సైనికుల దళానికీ, నాటక సమాజానికీ, చివరకు పక్కనుండే తోడుకూ అదే మాట. పనిచేసే చోటును కంపెనీ అనడం మన వాడుక. యజమాని పేరు స్థలానికి సంక్రమించింది. ఆలంకారికులు దీనినే లక్షణ అంటారు. మా పెద్దలు మాత్రం కార్ఖానా అనేవారు. అది పారసీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. 'కార్' అంటే పని, 'ఖానా' అంటే చోటు.

తెలుగువారికి ఈ పదంతో పరిచయం పాతదే. 1600లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది. ఉత్తర సర్కారులు దాని చేతికి చిక్కాక, జనం నోట అది 'కుంపిణీ' అయింది. కుంపిణీ దొర, కుంపిణీ సర్కారు అన్న మాటలలో అంగడి లేదు, అధికారమే ఉంది. 1858లో ఆ పాలన పోయింది. మా నైజాం సీమలో 1960లలో రామచంద్రాపురాన నేటి బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలిసింది. తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలతో ఈ మాట పల్లెపల్లెకూ పాకింది.

ఇక వ్యుత్పత్తి. లాటిన్‌లో 'కమ్' అంటే కూడ, 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు 'కంపానియో'. ప్రాచీన ఫ్రెంచి మీదుగా అది ఆంగ్లంలో కంపెనీ అయింది. ఆశ్చర్యమేమంటే, మన 'పొత్తు' కూడా అటువంటిదే. పొత్తు అంటే భాగస్వామ్యం. 'పొత్తుగుడుచుట' అంటే కలిసి భుజించుట. ఏ సంబంధమూ లేని రెండు భాషలు పంక్తిభోజనం దగ్గర కలుసుకున్నాయి!

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగి నలభైమందికి పైగా మరణించారు. ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాలనుండి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో. కొన్ని దేహాలను డి.ఎన్.ఏ. పరీక్షలతో గాని గుర్తించలేకపోయారు. ఆ వారంలోనే, వేరొక చోట కాంట్రాక్టరు కింద పనిచేసే నా పూర్వశిష్యుడు కలిశాడు. "నీది ఏ కంపెనీరా?" అన్నాను. "పని కంపెనీలనే సార్, గని నేను కంపెనీ మనిషిని కాను" అన్నాడు. పర్మనెంటు ఉద్యోగి కానని దాని అర్థం. క్యాంటీనులో కూడా తన వరుస వేరేనట.

వ్యుత్పత్తి తెలిసిన పండితుడిని కనుక ఆ మాట నన్ను మరింత బాధించింది. కలిసి తినేవారి పేరు పెట్టుకున్న చోట, వాడు ఎవరి పొత్తులోని వాడు? నాకు సమాధానం తోచలేదు. మీకు తోస్తే చెప్పండి.