సోయా విత్తనం: కొత్త రకం ఎలా వస్తుంది? బస్తా కొనేముందు ఏం చూడాలి?

తెలంగాణలో సోయాచిక్కుడు ఎక్కువగా ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్, సంగారెడ్డి జిల్లాల్లో సాగవుతోంది. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట వంటి చోట్ల వానాకాలంలో ఈ పంట కొత్తగా వేయాలనుకునే రైతుకు మొదటి ప్రశ్న: ఏ రకం వేయాలి?

పాత రకం ఎందుకు చాలదు?

జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన జేఎస్ 335 రకం 1994లో విడుదలైంది. మంచి దిగుబడితో చాలా రాష్ట్రాలకు పాకింది. అయితే తెల్లదోమ వల్ల వ్యాపించే పల్లాకు తెగులును, తుప్పు తెగులును ఇది తట్టుకోలేదు. ధార్వాడ్ నుంచి వచ్చిన డీఎస్‌బీ 21, రాహురి నుంచి వచ్చిన కేడీఎస్ 726 తుప్పు తెగులును తట్టుకుంటాయి. ఒక తెగులును తట్టుకునే రకం అన్నింటినీ తట్టుకుంటుందని అనుకోవద్దు. మీ ప్రాంతంలో ఏ తెగులు ఎక్కువో ముందు తెలుసుకోవాలి.

కొత్త రకం ఎలా తయారవుతుంది?

దిగుబడి బాగున్న రకం మొగ్గను విప్పి, తెగులును తట్టుకునే రకం పుప్పొడిని శాస్త్రవేత్తలు చేత్తో అద్దుతారు. వచ్చిన గింజలను తరం తర్వాత తరం పెంచుతూ, రెండు గుణాలూ ఉన్న మొక్కలనే ఏరుతారు. గుణాలు స్థిరపడటానికి ఆరేడు తరాలు పడుతుంది. తర్వాత అఖిల భారత సమన్వయ పథకం కింద వేర్వేరు రాష్ట్రాల్లో మూడు దశల పరీక్షలు జరుగుతాయి. నెగ్గిన రకాన్నే విడుదల చేసి, గెజిట్‌లో నోటిఫై చేస్తారు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

• నీలం ట్యాగు ధ్రువీకరించిన విత్తనానికి, తెల్ల ట్యాగు ఫౌండేషన్ విత్తనానికి గుర్తు. ఆకుపచ్చ లేబుల్ ఉంటే నాణ్యతకు అమ్మే సంస్థదే పూచీ.
• రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు చూడండి. రసీదు దాచుకోండి.
• మొలక కనీసం 70 శాతం ఉండాలి. 100 గింజలను తడి గోనెసంచిలో చుట్టి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ, వారంలోపు మొలకలు లెక్కపెట్టండి.
• సోయా గింజ పైపొర పలుచన. బస్తాలు విసిరితే మొలక దెబ్బతింటుంది.

సొంత విత్తనం వాడొచ్చా?

వాడొచ్చు. సోయాలో స్వపరాగ సంపర్కం కాబట్టి రకం గుణాలు నిలుస్తాయి. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల చట్టం కూడా విత్తనం దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి అనుమతిస్తోంది. బ్రాండు వేసి అమ్మడం మాత్రం కుదరదు. తెగులు సోకిన చేను నుంచి విత్తనం తీయొద్దు.

రకం ఎంపికపై సందేహాలుంటే మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.